పలికే ఇసుకమేట

వక్రిణి నది తిన్నగా పారగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. మేఘకూటం కొండల్లో పుట్టినప్పుడు మాత్రం అది కన్నూమిన్నూ కానకుండా కిందికి దూకుతుంది. ఏనుగులంత బండలను దొర్లించుకుంటూ, ఒకదానితో ఒకటి రాపాడిస్తూ, పక్షులు కూడా గూడు కట్టడానికి జంకే లోయల్లో నురగలు కక్కుతుంది. మైదానంలోకి దిగాక దానికి నిదానం వస్తుంది. నిదానం వచ్చిందని సంబరపడకండి, అసలు గొడవంతా అక్కడే మొదలు. అక్కడినుంచి అది వంపులు తిరుగుతుంది. ఏ వంపు దగ్గరైనా నిలబడి చూడండి. బయటి ఒడ్డున నీళ్ళు ఉరకలేస్తూ మట్టిని కోస్తుంటాయి. లోపలి ఒడ్డున మెల్లగా తిరుగుతూ, మోసుకొచ్చిన ఇసుకను దించేస్తుంటాయి. కోసిన చోట ఊరు పోతుంది, దించిన చోట మేట పెరుగుతుంది. కొండల్లో ఏనుగంత ఉన్న బండ ఇక్కడికొచ్చేసరికి నిమ్మకాయంత గులకరాయి. ఇంకా దిగువకు పోతే చిటికెడు ఇసుక. అంతటి బండకే మూలలు మిగల్చని నది మనిషికేం మిగులుస్తుంది? చెబుతాను, వినండి.

ఆషాఢం మబ్బులు కొండలమీద కమ్ముకున్న ఒక మధ్యాహ్నం, వక్రిణి పెద్దవంపు బయటి ఒడ్డున ఉన్న అంచువాడకు ఒక గాజులవాడు వచ్చాడు. భుజాన గాజుల మలారం, తలకు ఎర్ర పాగా, నుదుట విభూతి. గాజులవాడికి ఉండవలసినవన్నీ ఉన్నాయి, గాజులు తొడగడం ఒక్కటే రాదు. రెండు ఇళ్ళలో ఆడపిల్లల చేతులు నొప్పెట్టించి తిట్లు తిని, చివరికి రేవులో తేలాడు.

రేవులో నూకాలు పడవ బీటలకు గుగ్గిలం ముద్ద పూస్తోంది. ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క పడవ అది, దాన్ని నడిపేది ఆమే.

"ఏవయ్యా గాజులాయనా, గట్టిగా కేకెయ్యడం రాదు, చెయ్యి పట్టుకోవడం రాదు. ఎవరింట్లోంచి పారిపోయొచ్చావు?" అంది తల ఎత్తకుండానే.

"మా నాన్నింట్లోంచే," అన్నాడతను. అలసటలో నిజం చెప్పేశాడు పాపం.

నూకాలు పకపకా నవ్వి చెయ్యి చాపింది. అతను తంటాలు పడి ఆకుపచ్చ గాజులు ఎక్కించాడు. అంతలో గట్టుమీదినుంచి ఒక ముసలి గొంతు వినబడింది.

"నూకాలూ!"

"ఆ, వస్తన్నా మామ్మా!"

పిలుపు ముగియకముందే బదులు పలికింది నూకాలు. పలికింది గానీ కూర్చున్నచోటినుంచి కదల్లేదు.

"పెద్దావిడ పిలుస్తుంటే వెళ్ళవేం?"

"పనుండి కాదులే. నేనున్నానో లేనో చూసుకుంటది. మా నాన్న ఏట్లో పోయినకాడ్నించీ ఇదే వరస. పలక్కపోతే ముసలిదాని గుండె ఆగిపోద్ది. నిద్దట్లో పిలిచినా పలుకుతాను నేను, అంత అలవాటైపోయింది."

ఆ మాటకు గాజులవాడి కళ్ళు చెమర్చాయి. అతను నిజానికి శంఖపురి యువరాజు కీర్తిసేనుడు. పోయిన వానాకాలం అంచువాడకు ఎగువన, నీలం పూత ఇటుకలతో కట్టిన విహారమండపం ఒడ్డుతో సహా విరిగి వక్రిణిలో పడిపోయింది. అందులో అతని చెల్లెలు కువలయ ఉంది. గజ ఈతగాళ్ళు ఆ విరిగిన ఒడ్డు కిందనే నెలల తరబడి గాలించారు. గాజు ముక్క కూడా దొరకలేదు. మిగిలిన ఒక్క కొడుకూ నదివైపు వెళ్ళకుండా మహారాజు దారిలోని పెద్ద రేవులన్నిటిలోనూ భటులను పెట్టాడు. ఆ భటుల కళ్ళు కప్పడానికే ఈ వేషం. అంచువాడలో ఏటిలో పోయినవాళ్ళు పిలిస్తే పలుకుతారని ఎవరో దారిన పోయేవాళ్ళు అనుకుంటుంటే విని, ప్రాణం లేచొచ్చినట్టు పరుగెత్తుకొచ్చాడు.

సంగతంతా విని నూకాలు చేతిలోని గుగ్గిలం ముద్ద పక్కన పెట్టింది. తర్వాత గాజులు గలగలలాడించి, "రాజుగారబ్బాయివన్నమాట. అయితే ఇవి ఉత్తినే ఇచ్చినట్టే," అంది. "సందేళ గట్టుకాడికి రా. నీ చెల్లెలు పలుకుద్దో లేదో విందువుగాని."

సంధ్య వేళకు ఊరంతా గట్టుమీద చేరింది. గట్టు అంచు కోసినట్టు తెగి ఉంది. సగం గోడ, ఒక తులసికోట మొదలు, గాలిలో వేలాడుతున్న చింతవేళ్ళు, వాటి కింద సుడులు తిరిగే నల్లని నీళ్ళు. అంచు దగ్గర ఒక బండ ఉంది. దాన్ని పిలుపురాయి అంటారు. దానిమీద నూకాలు మామ్మ గవరమ్మ నిలబడింది. ఏటిలో పోయినవాళ్ళను రోజూ సందేళ పేరుపెట్టి పిలవాలి. పిలిచేవాళ్ళు లేకపోతే వాళ్ళు సముద్రందాకా కొట్టుకుపోతారని, పిలుపే వాళ్ళకు లంగరని అంచువాడ నమ్మకం. తరాలుగా ఒక్క పూటా మానలేదు. గవరమ్మకు జ్వరమొచ్చి గొంతు లేవని ఒక్క సాయంత్రం తప్ప.

"కుమ్మరి ఎర్రన్నా!" అని పిలిచింది గవరమ్మ.

ఊరు ఊపిరి బిగబట్టింది. దిగువనుంచి, ఎక్కడినుంచో తెలియని దూరంనుంచి, తడిసిన గొంతు ఒకటి పలికింది. "ఉన్నాను..."

"చేపల సన్నాసీ!"

"ఉన్నాను..."

"నా కొడకా, లచ్చన్నా!"

"ఉన్నాను..."

గవరమ్మ కళ్ళు తుడుచుకుంది. నూకాలు తల దించుకుంది. కీర్తిసేనుడు ఇక ఆగలేకపోయాడు. పిలుపురాయి పక్కకు దూకి, గుండెలు పగిలేలా అరిచాడు.

"కువలయా! చెల్లీ!"

"ఉన్నాను... అన్నా!"

ఆ గొంతు కువలయదే! అతను మలారం విసిరేసి నీళ్ళలోకి దూకబోయాడు. నూకాలు పాగా కొస పట్టుకుని వెనక్కి లాగకపోతే కథ ఇక్కడితో సరి.

"పిచ్చెక్కిందా? ఆ సుడిలో పడితే ఏనుగు కూడా తేలదు. తెల్లారనీ, పడవలో పోదాం."

తెల్లవారుతూనే పడవ కదిలింది. కీర్తిసేనుడు విరిగిన ఒడ్డు కిందికి పొమ్మన్నాడు. నూకాలు వాలు ఎటు లాగితే అటు పోనిచ్చింది. పెద్దవంపు దాటాక నది రెండోవైపుకు తిరుగుతుంది. అంచువాడ ఉన్న ఒడ్డే అక్కడ లోపలి ఒడ్డు అవుతుంది. ఊరికీ దానికీ మధ్య మనిషి దిగితే మునిగే నల్ల బురద ఉంది. ఆ బురదకు అవతల, వెన్నెల పరిచినట్టు తెల్లగా, విశాలంగా, ఎండలోనూ చల్లగా కనిపించే ఇసుకమేట. గాలి లేకపోయినా దానిమీద అలల గీతలు. ఒక్క గడ్డిపరక మొలవలేదు. ఒక్క పిట్ట అడుగు పడలేదు. దూరంగా కొసన ఒక ముసలి కొంగ మాత్రం ఒంటికాలిమీద నిలబడి ఉంది.

"అది ఎప్పుడూ అక్కడే ఉంటది. చేపని పట్టగా ఎవరూ చూళ్ళేదు," అంది నూకాలు గొంతు తగ్గించి. "కొట్టుకొచ్చిన పుల్లలు పడవలోంచే ఏరుకుంటాం గానీ, మేటమీదికి ఎవరం ఎక్కం."

పడవ దిగి అంచు నీళ్ళలో నడుస్తున్న కీర్తిసేనుడి కాలికి ఏదో తగిలింది. వంగి తీశాడు. నీలం పూత ఇటుక! మూలలన్నీ అరిగిపోయి గుడ్డులా నున్నగా ఉంది.

అతనికి ఒక్కసారిగా అర్థమైంది. "నూకాలూ, మేమెంత వెర్రివాళ్ళం! నది తీసుకున్నదాన్ని తీసుకున్నచోట ఎందుకు ఉంచుతుంది? అక్కడ ఉరవడిలో కోసి, ఇక్కడ నిదానంలో దించుతోంది. మేం ఏడాదంతా ఖాళీ కంచంలో వెతుకుతున్నాం!"

అంటూనే అతను ఒక అడుగు ముందుకు వేసి, కెవ్వున వెనక్కి గెంతాడు. బెత్తెడు నీళ్ళ అడుగున, అలల గీతల మధ్య, ఇసుకలో ఒక ముఖం ఉంది. కళ్ళు మూసుకున్న ముఖం. దాని పక్కన ఇంకొకటి. ఆ వెనక ఇంకా ఎన్నో! మేట నీళ్ళవైపుకే పెరుగుతూ వస్తుంది కదా, కొత్తగా పోయినవాళ్ళు అంచున ఉన్నారు, పాతవాళ్ళు లోపలికి ఉన్నారు. లోపలికి పోయేకొద్దీ ముఖాలు అరిగిపోయాయి. ముందు కనుబొమలు, ఆ తర్వాత ముక్కులు, చెవులు. బాగా లోపల ఉన్నవి ముఖాలే కావు, నున్నని గులకరాళ్ళు. కొన్నిచోట్ల ఆ రాళ్ళు కూడా లేవు, ఎవరో ఏరుకుపోయిన గుంటలు మాత్రం ఉన్నాయి.

నూకాలు వరసలు చూసుకుంటూ లోపలికి వెళ్ళింది. ఇళ్ళు పోయిన వరస ఆమెకు కంఠతా వచ్చు. కుమ్మరి ఎర్రన్న, చేపల సన్నాసి, ఆ తర్వాత ఇల్లు పోయింది తమదే. ఆ చోట చతికిలబడింది. అక్కడ ఉన్న ముఖానికి కళ్ళ గుంటలు కూడా పూడిపోయాయి. పెదవుల చోట సన్నని గీత మిగిలింది, పలకడానికి.

"నాన్నా, నేను నూకాల్ని," అంది. ఆ గీత కదల్లేదు.

అంచున, కీర్తిసేనుడు మోకాళ్ళమీద పడ్డాడు. "కువలయా!"

"ఉష్! పిలవకు అన్నా." చెల్లెలి పెదవులు ఇసుకలో కదిలాయి. కనుబొమలు అప్పటికే లేవు. ముక్కు కొస అరిగింది. "రాత్రి నువ్వు పిలిచావు, నేను పలికాను. ఊరు ఎవరిని పిలిచినా మేమందరం లోపల పలుకుతాం. పలికిన ప్రతిసారీ కొంచెం అరిగిపోతున్నాను. మేమంతా కాకోలుడి సొత్తు. పిలిస్తే పలికినవాళ్ళు వాడివాళ్ళు. పూర్తిగా అరిగిపోయాక వాడు ఏరుకుని మెడలో వేసుకుంటాడు."

అతను రెండు చేతులతోనూ ఇసుక తవ్వాడు. ముఖం నీళ్ళలా చెదిరి, మళ్ళీ పక్కన కూడుకుంది.

"పగలు మాకు ఒళ్ళుండదు. సందేళ లేస్తాం. ఒకసారి పిలుపు రాలేదు. ఆ సాయంత్రం ఒకాయన పలకనవసరం లేక, పాదాలు ఊడదీసుకుని నీళ్ళదాకా నడిచాడు. అప్పుడు కాకోలుడు ఆయన భార్య గొంతుతో పిలిచాడు. పలికాడు, పోయాడు. వాడికి ఏ గొంతైనా వస్తుంది, ఒక్కసారి వింటే చాలు." కువలయ గొంతు సన్నగిల్లింది. "కొండల్లో వాన పడుతోంది అన్నా. కింద ఇసుక వణుకుతోంది, నాకు తెలుస్తోంది. ఎర్రనీళ్ళు వచ్చి నామీదుగా పోతే నా పేరు నాకే గుర్తుండదు. ఈ సాయంత్రమే..."

మేట కొసన కొంగ తల పక్కకు వంచింది. పెదవులు టక్కున మూసుకున్నాయి.

ఇక చెయ్యవలసింది తేలిపోయింది. ఆ సాయంత్రం ఊరు పిలవకూడదు. చెవుల్లో గుగ్గిలం కుక్కుకుని మేట ఎక్కాలి. చెల్లెలు లేవగానే ఆమె చెవులూ మూసి, పడవలో వేసుకుని రావాలి. చెప్పడానికి ఇంతే. గవరమ్మను ఒప్పించడం మాత్రం కాకోలుడిని గెలవడం కంటే కష్టమైంది.

"ఏం కూశావు? నా పిలుపే నా కొడుకుని అరగదీస్తందా?" ముసలమ్మ కర్ర పట్టుకుని లేచింది. "లంగరు కోసెయ్యమంటావా? నువ్వు రాజువైతే నీ కోటలో సెప్పుకో! రోజంతా నేను బతికేది ఆ ఒక్క మాట కోసం. ఉన్నానంటాడు నా లచ్చన్న. నీకేం తెలుసు?"

కీర్తిసేనుడు నోరు తెరవబోయాడు. నూకాలు అడ్డం వచ్చి మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మామ్మా, మొదట్లో నాన్న ఉన్నానని ఊరుకునేవోడా? నూకాలు తిన్నదా అనడిగేవోడు. పడవ బీటలు సూసుకోమనేవోడు. నీ మోకాలినొప్పి అడిగేవోడు. అవన్నీ ఎప్పుడు మానేశాడో నీకు గుర్తుందా?"

గవరమ్మ కర్రను రెండు చేతులతో పట్టుకుంది.

"ఇయ్యాల సూశాను. ముక్కు లేదు, కళ్ళు లేవు. మనం పిలిచి పిలిచి, పలకడానికి నోరొక్కటీ మిగిల్చాం. ఆ నోరు కూడా అరిగిపోతే రాయైపోతాడు మామ్మా."

ముసలమ్మ కర్ర చేతిలోంచి జారి కింద పడింది. మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. పొద్దు వాలేదాకా ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి. చూడలేక కీర్తిసేనుడు బయటికి వచ్చేశాడు.

పడవ దగ్గర నూకాలు గుగ్గిలాన్ని ఉండలు చేసింది. అతని చెవుల్లో పెట్టేముందు అతను అడిగాడు.

"మరి నీకు?"

"నాకెందుకు? రేపు ఎర్రనీళ్ళొస్తాయంటే ఇయ్యాలే అడుగున సుళ్ళు లేస్తాయి. సుడి ఎక్కడుందో సవ్వడిని బట్టి తెలుసుకోవాలి. చెవులు మూస్తే పడవ మునుగుద్ది."

"వాడు పిలిస్తే?"

"నన్నెవడు పిలుస్తాడయ్యా? రాణీగారి గొంతుతో నిన్ను పిలుస్తాడు. నా పేరు వాడికేం తెలుసు!" గాజుల చెయ్యి తిప్పుతూ నవ్వింది.

"నూకాలూ!" అని గట్టుమీది గుడిసెలోంచి నీరసంగా వినబడింది.

"ఆ, వస్తన్నా మామ్మా!" అంది నూకాలు. ఆ కేక నీళ్ళమీదుగా దిగువకు సాగిపోయింది. అలాంటి కేకలు ఏళ్ళ తరబడి సాగిపోతూనే ఉన్నాయి. దిగువన ఎవరు వింటున్నారో ఇద్దరికీ తట్టలేదు.

పడవ మేట అంచుకు చేరేసరికి పడమటి ఆకాశం రక్తచందనం పులిమినట్టు ఉంది. చెవుల్లో గుగ్గిలం బిగిశాక కీర్తిసేనుడికి లోకమంతా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలోనే అతను చూశాడు.

మేట కదిలింది. అలల గీతలు లేచి గోడలయ్యాయి. గోడలకు తలుపులు, తలుపులకు తోరణాలు, వాకిళ్ళలో తులసికోటలు. వక్రిణి తరతరాలుగా కోసుకొచ్చిన ఇళ్ళన్నీ వరసలు తీరి, తడి ఇసుకతో ఒక నగరమై నిలిచాయి. వాటిలో నీలం ఇటుకల మండపం కూడా ఉంది, మూలలు అరిగిపోయి. ప్రతి వాకిట్లోనూ మనుషులు లేచారు. ముఖాలున్నవాళ్ళు, సగం ఉన్నవాళ్ళు, అసలే లేనివాళ్ళు. అందరూ అంచువాడవైపు తిరిగి నోళ్ళు తెరిచి నిలబడ్డారు, పిలుపు కోసం.

పిలుపు రాలేదు.

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. దూరంగా గట్టుమీద పిలుపురాయి ఖాళీగా ఉంది. పలకాలని నిలబడ్డ అంతమందిని పలకరించే దిక్కు లేదు. కీర్తిసేనుడికి ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా వాళ్ళ మధ్యనుంచే పరుగెత్తాడు.

మండపం మెట్లమీద కువలయ ఒక పాదం ఊడదీసుకుంది. రెండోది మడమదాకా ఇసుకలోనే ఉంది. అతను ముందు ఆమె చెవుల్లో గుగ్గిలం కుక్కి, నడుం పట్టుకుని లాగాడు. బురదలోంచి కొయ్య పెకలించినట్టు ఆమె పైకి వచ్చింది. ఎత్తుకుని పరుగు లంకించుకున్నాడు. అడుగడుగుకూ ఆమె ఒంటినుంచి ఇసుక రాలుతోంది. రాలినచోట వెచ్చని చర్మం తగులుతోంది.

మేట కొసన కొంగ రెండో కాలు కింద పెట్టింది.

పెట్టడమే తడవు, అది నిట్టనిలువుగా సాగి మనిషైంది. సన్నని కాళ్ళు, నాచు పట్టిన జడలు, రెప్పలు లేని గుండ్రని కళ్ళు. మెడనుంచి మోకాళ్ళదాకా గులకరాళ్ళ దండలు. వాడే కాకోలుడు! వాడు నోరు తెరిచాడు. అటుపక్క ఒకడు పలికి ఇసుకలోకి కుంగిపోయాడు. ఇటుపక్క ఒకామె పలికి కుంగిపోయింది. ఒక్కొక్కరినీ వాళ్ళకు ప్రాణమైనవాళ్ళ గొంతుతో పిలుచుకుంటూ వాడు తాపీగా నడిచి వస్తున్నాడు. కీర్తిసేనుడి కళ్ళలోకి చూస్తూ పెదవులు కదిపాడు. పేరు తనదే. ఎవరి గొంతుతో పిలిచాడో అతనికి తెలియలేదు, తెలియకపోవడమే మంచిదైంది.

దారికి అడ్డంగా ఒక ఇసుక గోడ లేచింది. నడుముకు దాచుకున్న కత్తితో పొడిస్తే అది పిడిదాకా దిగబడి ఇరుక్కుంది. కత్తి వదిలేసి భుజంతో గుద్దాడు. గోడ అతనిమీదే కూలింది. ముక్కులోకి, నోట్లోకి ఇసుక. ఉమ్ముకుంటూ, చెల్లెలిని గుండెకు హత్తుకుని, పాకుతూ, మళ్ళీ లేచి, ఒక్క గెంతులో పడవలో పడ్డాడు. నూకాలు గెడ వేసి తోసింది.

పడవ ఇప్పుడు వాలుకు ఎదురు పోవాలి. నూకాలు అవతలి ఒడ్డున నిదానం నీళ్ళు పట్టుకుని పైకి నడిపి, ఊరికి ఎదురుగా వచ్చాక ఉరవడికి అడ్డంగా తిప్పింది. నడుమ పెద్ద సుడి. ఆమె కళ్ళు సగం మూసుకుని, తల వంచి, సవ్వడి వింటూ గెడ వేస్తోంది. కువలయ ముక్కు కొస మళ్ళీ నిండింది, కనుబొమలు నల్లగా తేలాయి. "అన్నా," అన్నట్టు పెదవులు కదిలించింది. కీర్తిసేనుడు ఆమె తల నిమురుతూ, ఆనందం పట్టలేక, నూకాలుకు చూపించబోయి తలెత్తాడు.

నూకాలు వెనక్కి, మేటవైపు చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. చెవులు మూసి ఉన్నా అతనికి ఆ మాట తెలిసిపోయింది. నిన్నటినుంచి ఎన్నిసార్లు చూశాడు ఆ పెదవులు అలా కదలడం!

"ఆ, వస్తన్నా మామ్మా!"

అన్న మరుక్షణం ఆమెకే తెలిసింది. నోటిమీదికి చెయ్యి పోయింది, కానీ ఆలస్యమైపోయింది. గెడ పట్టుకున్న వేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. కళ్ళు పెద్దవి చేసి కీర్తిసేనుడివైపు చూసింది. ఊరివైపు గెడ చూపించింది, ఇటు తిప్పు అన్నట్టు. అంతే. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఇసుకై కూలింది. ఆకుపచ్చ గాజులు పడవ అడుగున పడ్డాయి. ఆ గలగల అతనికి వినబడలేదు. ఒక అల వచ్చి ఇసుకనంతా ఎత్తుకుని దిగువకు పట్టుకుపోయింది.

కీర్తిసేనుడు పెద్దగా అరిచి గెడ అందుకున్నాడు. సుడి పడవను గిర్రున తిప్పింది. ఆమె చూపించినవైపే బలమంతా పెట్టి తోశాడు. ఎలా దాటాడో దేవుడికే తెలియాలి, పడవ ముక్కు అంచువాడ రేవుకు గుద్దుకుంది.

గట్టు కింద, నీళ్ళ అంచున, గవరమ్మ నిలబడి ఉంది. అతను చెవుల్లోంచి గుగ్గిలం పెరికి పారేశాడు.

"నేను పిలవలేదు బాబూ," అంది ముసలమ్మ. "నా నోరు మూసే ఉంది. నా గొంతు అటునించి ఇనబడింది. నా మనవరాలు పలికింది. ఇన్నాను."

అతను గాజులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని రెండు చేతులతో పట్టుకుని మేటవైపు చూసింది. మసక వెలుగులో, ఇసుక నగరం అంచున, నీళ్ళ పక్కన ఒక కొత్త మనిషి లేచి నిలబడింది. కన్నూ ముక్కూ చెక్కుచెదరని ముఖం, తడిసిన జుట్టు. అంచువాడవైపు తిరిగి నోరు తెరిచి ఉంది.

గవరమ్మ గొంతు కదిలింది. ఏళ్ళ అలవాటు. పేరు నాలుకదాకా వచ్చింది. చప్పున చీరచెంగు నోట్లో కుక్కుకుని, పళ్ళతో బిగించి, అలాగే ఏడ్చింది.

కీర్తిసేనుడు చెల్లెలిని ఒడ్డుమీద దింపి ముసలమ్మ పక్కన కూర్చోబెట్టాడు. కువలయ తన చెవుల్లోని ఉండలు తానే తీసి, అన్న అరచేతిలో పెట్టింది. రెండు ఉండలనూ చెరిసగం చేస్తే ఒక జత అతనికి, ఒక జత నూకాలుకు సరిపోతుంది. ఎగువన వంపు దగ్గర నీళ్ళు అప్పటికే ఎర్రబారుతున్నాయి.

అతను పడవను నీళ్ళలోకి తోశాడు. గవరమ్మ వెంటబడి మోకాలిలోతు దిగి, చెంగు నోట్లోంచి తీసింది.

"బాబూ, కాస్త వెలుగుంది. అది పోయేదాకా ఎలాగో నోరు పట్టుకుంటాను. ఆలోగా నా పిల్లని తెచ్చెయ్యి," అంది. "చీకటి పడ్డాక నా వల్ల కాదు. పిలిచేస్తాను."